తడి రాయి మీద తొలి అడుగు

అమ్మాయి చేత రాళ్లెక్కడం మాన్పించాలని వేల్స్ కొండలకు వెళ్లిన ఓ నాన్న, వానకు తడిసిన రాతిపలక కింద చివరికి తనే భుజం ఒగ్గాల్సి వచ్చింది. ఆ ప్రయాణం కథే ఇది.

‘‘ఏమండీ, అక్కడ ఏం చూసినా చూడకపోయినా, దాని చేత ఆ రాళ్లెక్కడం మాత్రం మాన్పించి రండి.’’

శంషాబాద్ విమానాశ్రయంలో మా ఆవిడ చివరగా చెప్పిన మాట ఇది. మోకాళ్ల నొప్పులతో తను రాలేకపోయింది. సకినాలు, మామిడికాయ తొక్కు అమ్మాయికి పంపింది. ఈ పని నాకు అప్పగించింది.

మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తోంది. వెళ్లిన రెండో ఏడు నుంచీ శని, ఆదివారాలు వస్తే చాలు, సంచీలో తాడు వేసుకుని కొండలకు పోవడం అలవాటు చేసుకుంది. ఆ ఫొటోలు వాళ్లమ్మకు పంపదు, నాకు పంపుతుంది. వాళ్లమ్మ నా ఫోన్‌లో చూస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దం. రెండు రోజులు కూరలో ఉప్పు సరిగ్గా పడదు.

2024 సెప్టెంబరులో నేను అక్కడికి చేరిన రెండో వారం, ‘‘నాన్నా, శనివారం వేల్స్ వెళ్దాం. నువ్వు ఊరికే చూద్దువుగాని’’ అంది. కళ్లారా చూస్తే చెప్పదలచుకున్నది గట్టిగా చెప్పొచ్చు కదా అని సరేనన్నాను.

పలకల ఊరు మీదుగా...

కారు నడిపింది అమ్మాయితో కలిసి ఎక్కే ఓ పెద్దాయన. వేల్స్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నలభై ఏళ్లకు పైగా ఆ కొండలే లోకం ఆయనకు.

మాంచెస్టర్ నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం. ఉత్తర తీరం వెంట వెళ్తుంటే కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు. 13వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించిన కాన్వీ కోట దూరం నుంచే కనిపించింది. బ్యాంగర్ దగ్గర లోపలికి తిరిగితే బెథెస్డా అనే ఊరు. ఇళ్ల పైకప్పులన్నీ బూడిద, ఊదా రంగు రాతిపలకలే. ఊరి పక్కనే పెన్రిన్ గని. 19వ శతాబ్దం చివర్లో ప్రపంచంలోకెల్లా పెద్ద పలకరాతి గని అదే. కొండను మెట్లు మెట్లుగా కోసేశారు. ఈ ప్రాంతంలోని పలకరాతి గనులకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. నాకైతే మన మార్కాపురం గుర్తొచ్చింది. ఓనమాలు దిద్దిన పలకను మరచిపోగలమా!

ఊరు దాటాక లోయ మొదలైంది. చెట్లు పలచబడి, అటూ ఇటూ గడ్డీ రాళ్లే మిగిలాయి. ఓగ్వెన్ సరస్సు పక్కన ట్రివాన్ అనే కొండ నిలబడి ఉంది. ఎత్తు 918 మీటర్లు. శిఖరం మీద మనుషుల్లా రెండు నిలువు రాళ్లున్నాయి. ఆడమ్, ఈవ్ అంటారు. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకడం ఇక్కడి కుర్రకారుకు సరదా అని పెద్దాయన చెప్పారు.

‘‘నువ్వూ దూకావా?’’ అని అమ్మాయిని అడిగాను. అది కిటికీలోంచి గొర్రెల్ని చూడటం మొదలుపెట్టింది.

వాన, వాన, మళ్లీ వాన

ఇక్కడ బోర్డుల మీద ముందు వెల్ష్ భాష, తరవాతే ఇంగ్లిష్. 2022లో నేషనల్ పార్కు వాళ్లు స్నోడన్ పర్వతాన్ని ‘అర్ విద్వా’ అనీ, స్నోడోనియాను ‘ఎరిరి’ అనీ సొంత పేర్లతోనే పిలవాలని నిర్ణయించారు. మేం వెళ్లే చోటు పేరు కుమ్ ఇడ్వాల్. ‘కుమ్’ అంటే మంచు నదులు తొలిచిన గిన్నెలాంటి లోయ. ఈ చిన్న మాట హిమాలయాల దాకా పోయింది. ఎవరెస్టు కింద ఉన్న లోయకు 1921లో జార్జ్ మాలరీ ‘వెస్టర్న్ కుమ్’ అని పేరు పెట్టాడు. ఆయన కుర్రతనంలో ఎక్కిన కొండల్లో ఇవీ ఉన్నాయి మరి.

కారు దిగేసరికి సన్నటి జల్లు. ‘‘వెనక్కి పోదామా?’’ అన్నాను ఆశగా. పెద్దాయన నవ్వారు. అర్ విద్వా పక్కనే ఉన్న క్రిబ్ గోఖ్ శిఖరం దగ్గర ఏడాదికి సగటున 4,400 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుందట. మన హైదరాబాద్‌లో కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంటే ఐదు రెట్లకు పైమాటే. వాన వెలిశాక ఎక్కుదామనుకుంటే ఇక్కడ ముసలితనం వచ్చేస్తుంది.

రోడ్డు నుంచి రాళ్లు పరిచిన బాట మీద ఇరవై నిమిషాలు నడిస్తే ఇడ్వాల్ సరస్సు. నల్లటి నీళ్లు, చుట్టూ గోడల్లా కొండలు. పూర్వం ఇడ్వాల్ అనే రాజకుమారుణ్ని ఈ నీళ్లలో ముంచి చంపారనీ, అప్పటినుంచీ ఏ పక్షీ ఈ సరస్సు మీదుగా ఎగరదనీ కథ. 1954లో వేల్స్‌లో ప్రకటించిన మొట్టమొదటి జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రదేశం ఇదే. రాళ్లెక్కని వాళ్లు సరస్సు చుట్టూ నడిచి రావచ్చు. పిల్లలతో వచ్చిన కుటుంబాలు చాలానే కనిపించాయి.

చార్లెస్ డార్విన్ కూడా ఇక్కడికి వచ్చాడు. 1831లో తన గురువు సెడ్జ్‌విక్‌తో కలిసి రాళ్లలో శిలాజాలు వెతుకుతూ గంటలు గడిపాడు. చుట్టూ మంచు నది వదిలి వెళ్లిన గుర్తులు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా, ఆ రోజు ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు. 1842లో మళ్లీ వచ్చినప్పుడు గానీ ఆయన కంట పడలేదు. ‘‘రాయిని చూడటం కూడా నేర్చుకోవాలి నాన్నా’’ అంది మా అమ్మాయి. ఆ మాట ఎందుకందో అరగంటలోనే తెలిసింది.

పలక పేరు ‘ఆశ’

సరస్సు చివర కొండకు ఆనించి పెట్టినట్టు పెద్ద రాతిపలకలు. ఇడ్వాల్ స్లాబ్స్ అంటారు. సుమారు 150 మీటర్ల ఎత్తు. మన ఇళ్ల మీది రేకుల కప్పుకన్నా నిటారు, గోడకన్నా వాలు. వాటిమీద ఎక్కే దారులకు పేర్లున్నాయి. ఫెయిత్, హోప్, చారిటీ. విశ్వాసం, ఆశ, దయ అనుకోండి.

‘హోప్’ దారిని మొదటిసారి ఎక్కింది 1915లో. ముందు నడిచింది ఎమిలీ డానియెల్ అనే ఆవిడ. ఇ.హెచ్.యంగ్ పేరుతో నవలలు రాసిన రచయిత్రి ఆమే. వెంట ఉన్నవాళ్లలో ఒకరి పేరు చెప్పగానే నేను ఉలిక్కిపడ్డాను. ఐ.ఎ.రిచర్డ్స్! ఇంగ్లిష్ ఎమ్మేలో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ చదివి తలపట్టుకున్న మా తరానికి ఆయన పేరు కొత్తా? ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను గానీ, ఆయన ఇలా తాడు కట్టుకుని రాళ్లెక్కేవాడని నాకెవరూ చెప్పలేదు.

పక్కనున్న ‘టెన్నిస్ షూ’ దారి 1919 నాటిది. నోయెల్ ఓడెల్ ఎక్కాడు. 1924లో ఎవరెస్టు మీద మాలరీ, ఇర్విన్‌లను ప్రాణాలతో చివరిసారి చూసింది ఆయనే. అప్పట్లో అందరూ అడుగున మేకులు కొట్టిన బూట్లతో ఎక్కేవారు. ఆ మేకుల గీతలు రాళ్ల మీద ఇంకా ఉన్నాయి.

మేం వెళ్లింది ‘ఆర్డినరీ’ అనే దారికి. 1897లో తొలిసారి ఎక్కిన పాత దారి. తేలికైనది. ‘‘దీని గ్రేడు డిఫికల్ట్’’ అంది అమ్మాయి. నా ముఖం చూసి, ‘‘ఇక్కడి లెక్కల్లో డిఫికల్ట్ అంటే తేలిక నాన్నా. పాతకాలంలో పెట్టిన పేరు’’ అని సర్దిచెప్పింది.

తాడు పనికిరాని చోటు

ఆ రోజు మాత్రం అది నిజంగానే డిఫికల్ట్. వందేళ్లకు పైగా వేల కాళ్లు పడి మొదట్లో రాయి నున్నగా అరిగిపోయింది. మన గుళ్లలో గడప రాళ్లలా మెరుస్తోంది. దానిమీద వాననీళ్లు. సరిగ్గా మొదలుపెట్టాల్సిన కాలువలాంటి చోటే పైనుంచి నీళ్లు దిగుతున్నాయి. అమ్మాయి రెండుసార్లు కాలు పెట్టింది. రెండుసార్లూ జర్రున జారి గడ్డి మీదికొచ్చింది. చూస్తున్న నా గుండె కూడా రెండుసార్లు జారింది.

‘‘తాడు కట్టుకున్నావుగా, ఇంక భయమేంటి?’’ అని అడిగాను. అసలు విషయం అప్పుడు తెలిసింది.

ముందు ఎక్కే మనిషికి పైనుంచి తాడు ఉండదు. నడుముకు కట్టుకున్న తాడు కిందినుంచే వెంట వెళ్తుంది. ఎక్కుతూ ఎక్కుతూ రాతి నెర్రెల్లో చిన్న లోహపు ముక్కలు బిగించి, వాటి కొక్కేలకు తాడు తగిలించుకోవాలి. జారితే కిందున్న మనిషి తాడు బిగబడతాడు, ఆఖరి ముక్క ఆపుతుంది. ఆ ముక్కల్ని ‘నట్లు’ అంటారు. నిజంగా నట్లే. అర్ విద్వా మీదికి పొగబండి పోతుంది. 1950, 60 దశకాల్లో ఇక్కడివాళ్లు ఆ పట్టాల పక్కన దొరికిన నట్లకు తాడు ఎక్కించి వాడుకునేవారు. పేరు అలా నిలిచిపోయింది.

మరి మొదటి నట్టు బిగించేదాకా? అంతవరకూ తాడు ఉన్నా లేనట్టే. ఈ దారిలో నెర్రె కనిపించేది మనిషి ఎత్తుకు రెండింతలు పైన. అక్కడికి చేరేలోపు జారితే నేరుగా కిందున్న రాళ్ల మీదికే. పైన ఎక్కడో జారితే తాడు ఆపుతుంది. కింద జారితే కాలు విరుగుతుంది. అందుకే కొండంతా ఒక ఎత్తు, మొదటి రెండడుగులు ఒక ఎత్తు.

మాది భువనగిరి దగ్గర పల్లె. గీత కార్మికులు మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కడం చూస్తూ పెరిగినవాణ్ని. మోకు చెట్టు చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి తొలి అడుగు నుంచే తోడుంటుంది. అయినా వానకు తడిసిన చెట్టు మీంచి జారి నడుం విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇక్కడ ఆ మోకు కూడా లేదు.

‘‘వద్దు తల్లీ, పోదాం పద’’ అన్నాను. వాళ్లమ్మ అప్పగించిన పని చెప్పేయడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదనిపించింది.

అది వినిపించుకోలేదు. అలాగని మొండిగా మూడోసారి కాలూ పెట్టలేదు. వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని రాయిని చూస్తూ నిలబడింది. పావుగంట చూసింది. ‘‘నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడు నాన్నా. కాలువలో పారుతున్నాయి. కుడిపక్క ఉబ్బెత్తుగా ఉందే, అది తడిసింది గానీ నీళ్లు నిలవట్లేదు. దానిమీద పోతే?’’

నేనూ చూశాను. ఆ ఉబ్బు మీద సగం దాకా నల్లటి చార ఒకటి కనిపించింది. మా భువనగిరి గుట్ట ఏకశిల. వానాకాలంలో ఆ బండ మీద ఇలాంటి నల్ల చారలే తేలుతాయి. వాన నీళ్లు నడిచే దారులవి. వాటి మీద కాలేస్తే సబ్బు మీద వేసినట్టే. ఈ సంగతి మా ఊళ్లో మేకలు కాసే పిల్లాడికి కూడా తెలుసు. ‘‘ఆ నలుపు మీద కాలెయ్యకు. దానికి జానెడు ఇవతల, గరుకుగా బూడిదరంగుందే, అక్కడెయ్యి’’ అన్నాను.

చెప్పాక నాలిక కరుచుకున్నాను. మాన్పించడానికి వచ్చి దారి చూపిస్తున్నానేమిటి!

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వాళ్లు తొలిపాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. ఆ సంగతి అది అందరికీ చెప్పుకుంటుంది. ‘‘చూశారా, మా నాన్నదీ ఆ గుట్టే’’ అని పెద్దాయనకు చెప్పింది.

నాన్న భుజం

కాలు పెట్టే చోటు దొరికింది. కానీ అక్కడికి అందాలంటే ఇంకో మూడడుగుల ఎత్తు కావాలి. కింద అంతా అరిగిన నున్నటి రాయి. అప్పుడు పెద్దాయన ఓ పాత సంగతి చెప్పారు.

ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ కొండ మీద సెంట్రల్ బట్రెస్ అనే నిలువు గోడ ఉంది. 1914 ఏప్రిల్‌లో సీగ్‌ఫ్రీడ్ హెర్‌ఫర్డ్, అతని మిత్రులు దాన్ని ఎక్కారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అంత కష్టమైన దారి మరొకటి లేదు. పై నెర్రెలో ఇరుక్కున్న ఒక రాయికి ఒకతను తనను తాను కట్టేసుకుని వేలాడితే, రెండో అతను అతని మీదుగా ఎక్కి దాటాడు. భుజం మీద నిలబడి ఎక్కడం అప్పట్లో మామూలే. తరవాత రోజుల్లో అది సరైన పద్ధతి కాదనీ, ఎవరి బలంతో వాళ్లే ఎక్కాలనీ అనుకున్నారు. ‘‘ఎండలో అయితే నేనూ అదే అంటాను. ఇంత తడిలో కాలు విరగ్గొట్టుకోవడం మాత్రం ఏం పద్ధతి?’’ అన్నారు ఆయన.

మరి భుజం ఎవరిది? తాడు పట్టడం తెలిసింది ఆయనకే. నాకు రాదు. మిగిలింది నా భుజమే.

నా తలకో హెల్మెట్ పెట్టారు. రాతికి ఛాతీ ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి నిలబడమన్నారు. అమ్మాయి సంచీలోంచి పాత ఉన్ని మేజోళ్లు తీసి ఎక్కే బూట్ల మీద తొడుక్కుంది. ‘‘ఇదేంటి, బూట్ల పైన సాక్సా?’’ అంటే, తడి రాయి మీద రబ్బరు కన్నా ఉన్నే బాగా పడుతుందట. ఇక్కడి పాతవాళ్ల చిట్కా. బురద బూటుతో నాన్న భుజం తొక్కాల్సిన పని కూడా తప్పింది అని నవ్వింది.

మొదట నా తొడ మీద ఒక కాలు, తరవాత భుజం మీద ఇంకో కాలు. దాని బరువు మొత్తం నా కుడి భుజం మీద పడింది. దానికి నాలుగేళ్లప్పుడు యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాల్లో రథం కనిపించడం లేదని ఏడిస్తే ఇదే భుజం మీద ఎక్కించుకున్నాను. అప్పుడు నా జుట్టు పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు నావైపు చూడనైనా చూడటం లేదు. దాని చూపంతా పైనున్న రాయి మీదే. అదే మంచిదనిపించింది.

‘‘కదలకు నాన్నా.’’

కదల్లేదు. ముక్కు ముందు రాయి, మెడలోకి వాననీళ్లు. భుజం మీద బరువు ఒక్కసారి పెరిగింది, తరవాత మెల్లగా తేలికైంది, చివరికి లేకుండా పోయింది. తలెత్తి చూడొద్దని ముందే చెప్పారు కాబట్టి చూడలేదు. నల్ల చారకు ఇవతలే కాలేసిందా? అడుగుదామంటే గొంతు పెగల్లేదు. వెనక పెద్దాయన రెండు చేతులూ చాపి, జారితే పక్కకు తోయడానికి సిద్ధంగా నిలబడ్డారు. ఎంతసేపు గడిచిందో తెలియదు. పైనుంచి ఇనుము రాతికి తగిలిన చప్పుడు, కొక్కెం పడిన టిక్కుమనే శబ్దం.

‘‘నట్టు బిగించా’’ అని అరిచింది. పెద్దాయన తాడు బిగించి పట్టుకున్నారు. నేను రాయిని వదిలి గడ్డి మీద కూలబడ్డాను.

అక్కడినుంచి రాయి గరుకుగా ఉంది, పట్లు పెద్దవి. ముప్పై మీటర్ల పైన అరుగులాంటి చోటికి చేరి తాడు కిందికి వదిలింది. ‘‘వస్తావా నాన్నా? ఇప్పుడు నీకు పైనుంచి తాడు ఉంది. జారినా పడవు.’’

అరవై ఒకటో ఏట ఏమనుకున్నానో ఏమో, సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఎక్కానో, లాగారో నాకు తెలియదు. అదే నున్నటి చోట రెండుసార్లు జారాను. రెండుసార్లూ తాడు బిగిసి నన్ను అక్కడే ఆపింది. ఆ తాడు రెండో చివర మా అమ్మాయి ఉంది.

సగంలో దిగి వచ్చాం

అరుగు మీద కూర్చుంటే సరస్సు పళ్లెంలా కనిపించింది. ఎదురుగా కొండలో చీలిక. ‘టుల్ డీ’, అంటే నల్ల రంధ్రం. అందులోంచి మేఘం వంటింటి పొగలా లేస్తుంది. ఇంగ్లిష్‌లో దాన్ని దెయ్యం వంటిల్లు అంటారు. అటువైపు నుంచే మళ్లీ వాన వస్తోంది.

ఇంకా నూరు మీటర్లకు పైగా మిగిలి ఉంది. ఇంత కష్టపడి మొదలుపెట్టాక పైదాకా పోదామంటుందేమోనని భయపడ్డాను. అమ్మాయి వానవైపు చూసింది, పెద్దాయనతో రెండు మాటలు మాట్లాడింది. ‘‘దిగిపోదాం’’ అంది.

ఎందుకంటే ఈ పలకల మీద అసలు ప్రమాదం ఎక్కడంలో కాదట. పైకి చేరాక పక్కగా దిగే బాట ఉంది. తాళ్లు విప్పేసి, పనైపోయిందనుకుని, తడి రాళ్ల మీద నడుస్తూ జారినవాళ్లు చాలామంది. అలాంటప్పుడు పరుగెత్తుకొచ్చేది ఓగ్వెన్ లోయ రెస్క్యూ బృందం. అంతా జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. ‘‘వాళ్లను వానలో ఇళ్లలోంచి లాగడం ఎందుకు?’’ అంది. రాతి కొమ్ముకు పట్టీ చుట్టి, తాళ్లు రెండూ ముడేసి, ఒకరి తరవాత ఒకరం తాడు మీద జారుతూ దిగాం. ఆ పట్టీ అక్కడే వదిలేయాలి. దాని ఖరీదు ఓ పూట భోజనం.

తిరుగు దారిలో పెన్ ఎ గురిడ్ అనే పాత హోటల్ దగ్గర ఆగి టీ తాగాం. 1953 ఎవరెస్టు బృందం బయల్దేరే ముందు ఆక్సిజన్ పరికరాలు పరీక్షించుకున్నది ఇక్కడ ఉండే. పైకప్పు మీద ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ సంతకాలున్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశాను. భుజం ఎలాగూ నొప్పిగానే ఉంది.

రాత్రి మాంచెస్టర్ చేరాక మా ఆవిడ ఫోన్.

‘‘చెప్పారా?’’

‘‘ఏమని?’’

‘‘మానెయ్యమని!’’

అమ్మాయి వంటింట్లో తడి తాడును కుర్చీల మధ్య ఆరేస్తోంది. మేజోళ్లు పిండి హీటర్ మీద వేసింది.

‘‘వానొచ్చింది. సగంలోనే దిగొచ్చేసింది’’ అన్నాను.

‘‘మీరు చెప్తేనేనా?’’

‘‘కాదు. తనే.’’

అవతల కాసేపు మాట లేదు. తరవాత, ‘‘సకినాలు మెత్తబడ్డాయా, బాగున్నాయా?’’ అని అడిగింది.